మనవరాలు పెరిగిన నేరం

"అక్కా, నేరం ఎంత లోతున దాక్కున్నా నా ముక్కును తప్పించుకోలేదు" అని మా తమ్ముడు ప్రకటించాడు. పక్కనే పొయ్యి మీద పాలు మాడుతున్న సంగతి మాత్రం ఆ ముక్కుకు తెలియలేదు.

పోస్టాఫీసులో ముప్పయ్యేళ్లు ఉత్తరాల మీద ముద్రలు గుద్ది రిటైరయ్యాక వాడికి ఈ డిటెక్టివ్ పిచ్చి పట్టింది. ఈసారి దొరికిన నేరస్థురాలు నా మనవరాలే. పద్నాలుగేళ్ల పిల్ల, మా ఊరి ఆటల జట్టులో పరుగు పందేలకు దిగుతుంది.

"ఏడాదిలో మూడంగుళాలు పెరిగింది. బూట్ల సైజు మారింది. ఎదుగుదల హార్మోను సూదులు పొడిపించుకుంటోంది."

"ఆ వయసులో పెరక్క తరుగుతారట్రా?"

"నువ్వు సాక్షివి. సాక్షులు ప్రశ్నలు వేయకూడదు."

అంతటితో ఊరుకున్నాడా? క్రీడా సంఘానికి ఫిర్యాదు రాసి పడేశాడు. నిజం తేలేదాకా పిల్ల పేరు జట్టులోంచి తీసేశారు. అది రెండు రోజులు పెరట్లోనే ఒక్కతే పరుగెత్తింది.

మూడో రోజు పరీక్షలు చేసే డాక్టరమ్మ చెప్పాపెట్టకుండా మైదానానికి వచ్చింది. మా పిల్లతో సహా జట్టంతా బట్టలు మార్చుకునే గదిలో చేరింది. నిఘాకని అక్కడే తిరుగుతున్న మా వాడు కూడా దూరి, ముద్దాయి పారిపోకుండా తలుపుకి లోపలి నుంచి తాళం వేసి, ఆవిడకు ఒక సీసా చాపాడు.

"మూత్రానికండీ."

"దీనికి రక్తం కావాలండీ. అదీ సూది వేసుకున్న కొద్ది గంటల్లోనే చూడాలి. ఆలస్యమైతే దొరకదు. అందరిదీ తీస్తాను" అందావిడ.

వెంటనే జట్టులో గుండు విసిరే ఛాంపియన్ లేచాడు. "నాకు ఇంటి దగ్గర పనుంది. రేపొస్తాను."

"మీలాంటి పెద్దమనుషుల్ని ఆపుతామా, దయచేయండి" అంటూ మా వాడు తాళంచెవి తప్పు వైపు తిప్పాడు. సగం చేతిలోకి వచ్చింది, సగం తాళంలో ఉండిపోయింది.

ఛాంపియన్ కిటికీలోంచి దూరబోయి భుజాల దగ్గర ఇరుక్కున్నాడు. అంత ఒళ్లు పెంచుకున్నాక ఏ కిటికీ చాలుతుంది? నలుగురు పట్టి లోపలికి లాగారు. వడ్రంగి వచ్చి తలుపు ఊడదీసేసరికి అందరి రక్తమూ గొట్టాల్లోకి చేరింది.

వారానికి రిపోర్టు వచ్చింది. పిల్ల రక్తంలో ఏ దోషమూ లేదు. ఛాంపియన్ రక్తంలో ఉన్న హార్మోను మాత్రం అతని సొంత సరుకు కాదు. పిల్ల పేరు మళ్లీ జట్టులోకెక్కింది.

"మొదటి నుంచీ నా అనుమానం అతని మీదే అక్కా. అందుకే తాళంచెవి విరగ్గొట్టాను."

"మరి దయచేయండి అన్నదెవర్రా?"

"అది ఎర."

జట్టు పోటీలకు బయలుదేరిన రోజు, కాపలాకి తానూ వస్తానని సంచీ సర్దుకుని బస్సు దగ్గరికి వచ్చాడు. పిల్ల మెట్టు మీద నిలబడి వాణ్ణి తేరిపార చూసింది.

"తాతయ్యా, నువ్వెక్కితే మేం మళ్లీ దిగేదెప్పుడు?" అని, తలుపు తానే వేసుకుంది.