మామగారి చొక్కాల తివాచీ

అమెరికాలో ఇంటిల్లిపాదీ కలిసి విందు చేసుకునే థాంక్స్‌గివింగ్ పండగ రోజు పొద్దున వెండెల్ ఓక్స్ వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. టర్కీ కోడి అవెన్‌లోకి వెళ్తుంది, భార్య మార్జీన్ వంటింట్లో ఉంటుంది, తను సోఫాలో కూర్చుని టీవీలో పండగ ఊరేగింపు చూస్తాడు. మధ్యాహ్నం అత్తగారు ఆర్డిత్ వస్తుంది, అందరూ తింటారు, తిన్నవాళ్ళు తిన్నచోటే కునుకు తీస్తారు. విందు అత్తగారింటి నుంచి తమ ఇంటికి మారడం ఇదే మొదటిసారి. తన వల్ల ఏ తప్పూ జరగకూడదంటే తను ఏ పనీ చెయ్యకుండా ఉండటమే మేలని వెండెల్ నమ్మాడు. అది సరైన నమ్మకమేనని సాయంత్రానికి ఊరంతా ఒప్పుకుంది.

సోఫా ముందు మార్జీన్ పరిచిన తివాచీ మామూలుది కాదు. మామగారు హెరాల్డ్ పోయాక ఆయన ఊలు చొక్కాలన్నీ పేలికలుగా చీల్చి, ఆ పేలికల్ని జడలల్లి, జడల్ని గుండ్రంగా చుట్టి ఆర్డిత్ తన చేత్తో కుట్టిన తివాచీ అది. ఇన్నేళ్ళలో దాని మీద ఎవరూ కాలు మోపలేదు, ఆవిడ మోపనివ్వలేదు. ఆవిడ ఇంట్లో సోఫా చేరాలంటే గోడవారగా ఒంటికాలి మీద వెళ్ళాల్సిందే. ఈ వసంతంలో చిన్న ఇంటికి మారుతూ ఆవిడ దాన్ని కూతురి చేతిలో పెట్టింది. మార్జీన్ కళ్ళనీళ్ళతో అందుకుని, దుప్పట్లో చుట్టి అలమరలో దాచి, ఇవాళే మళ్ళీ బయటికి తీసింది.

"చూడు వెండెల్, ఇవాళ ఈ తివాచీకి ఏమైనా అయిందో, రేపు శుక్రవారం పొద్దున్నే నీ కుక్కపిల్ల ఏ పొలం నుంచి వచ్చిందో ఆ పొలానికే పోతుంది. నేను రెండోసారి చెప్పను," అంది మార్జీన్. అది ఆమె పదోసారి చెప్పడం.

కుక్కపిల్ల పేరు టర్నిప్. బీగిల్ జాతిది, చెవులు పెద్దవి, బుద్ధి చిన్నది. అయినా తను చెప్పేది తల పక్కకి వంచి చివరిదాకా వినే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే కాబట్టి వెండెల్‌కి దాని మీద పంచప్రాణాలూ ఉన్నాయి. వద్దని మొత్తుకున్నా వినకుండా తెచ్చాడని మార్జీన్‌కి కోపం. దాన్ని ఒక్కసారైనా ముద్దుచేసిన పాపాన పోలేదు, కనీసం ఎవరైనా చూస్తుండగా.

ఊరేగింపులో పెద్ద బెలూనేదో వస్తుంటే టర్నిప్ ముందుగదిలోకి వచ్చింది. తివాచీ అంచున నిలబడి వాసన చూసింది. తర్వాత సరిగ్గా మధ్యకి వెళ్ళి కూర్చుని, వెనక కాళ్ళు రెండూ ముందుకి చాపి, ముందు కాళ్ళతో లాక్కుంటూ, పిర్రలు నేలకేసి రుద్దుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి డేకింది. ఆగి, ఆలోచించి, వెనక్కి తిరిగి మళ్ళీ డేకింది. వెండెల్ కొయ్యబారిపోయాడు. అతని చేతిలోని కాఫీ చేతిలోనే ఉండిపోయింది. నీలిగళ్ళ చొక్కాలో మామగారు గోడ మీది ఫొటోలోంచి నవ్వుతున్నారు. టర్నిప్ డేకుతున్నది ఆ నీలిగళ్ళ మీదే.

వెండెల్ తేరుకుని కుక్కపిల్లని చంకనేసుకుని పెరట్లోకి పరిగెత్తాడు. పక్కింటి డ్వేన్ కంచె అవతల తన వేటకుక్కలకి తిండి పెడుతున్నాడు. ఆ వీధిలో కుక్కల సంగతి ఎవరికి కావాలన్నా అతన్నే అడుగుతారు.

"డేకుతోందా? ఏముందిలే, తిత్తులు నిండుంటాయి," అన్నాడు డ్వేన్. "తోక కింద అటొకటి ఇటొకటి చిన్న తిత్తులుంటాయి. దొడ్డికి గట్టిగా వస్తే వాటంతటవే ఖాళీ అవుతాయి. లేకపోతే నిండిపోయి దురద పుట్టి ఇలా రాసుకుంటాయి. నులిపురుగులున్నా రాసుకుంటాయనుకో."

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"డాక్టరైతే రెండు వేళ్ళతో ద్రాక్షపండు పట్టుకున్నట్టు పట్టుకుని మెల్లగా ఒత్తుతాడు. అయిపోతుంది. నువ్వు మాత్రం ముట్టుకోకు, చేతకాకుండా ఒత్తితే దానికి పుండవుతుంది. రేపు తీసుకెళ్ళు. ఒకవేళ నువ్వే ఒత్తినా ఇంట్లో మాత్రం..."

వెండెల్ అప్పటికే సగం దూరం వెళ్ళిపోయాడు. అతనికి ద్రాక్షపండు దాకా వినబడింది. రేపటిదాకా ఆగితే ఇవాళే అత్తగారి కళ్ళముందు టర్నిప్ మళ్ళీ డేకుతుంది, రేపు వెళ్ళేది డాక్టరు దగ్గరికి కాదు, పొలానికి. పెరట్లో ఒత్తుదామంటే వంటింటి కిటికీలోంచి మార్జీన్ చూస్తుంది. అందుకని నేలమాళిగలోకి దిగాడు. అక్కడ తొట్టి ఉంది, దీపం ఉంది, పక్కనే ఇల్లంతటికీ వేడిగాలి పంపే హీటరుంది. టర్నిప్ తోక ఎత్తి, దేవుడి మీద భారం వేసి, ద్రాక్షపండు కోసం వెతికి ఒత్తాడు.

ఆ వాసన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎండలో మరిచిపోయిన చేపల బుట్ట అనుకుంటే అందులో సగం. చొక్కా చేతికి చిమ్మిన ఆ బొట్టు వైపు వెండెల్ నోరు తెరిచి చూశాడు, వెంటనే నోరు మూసుకున్నాడు. టర్నిప్ కూడా తన వెనక ఇంత ఉందా అన్నట్టు తోక వైపు నివ్వెరపోయి చూసింది. సరిగ్గా అప్పుడే హీటరు గుర్రుమని మొదలై, ఆ గాలిని ఒక్క గుక్కలో పీల్చుకుని, గదిగదికీ సమానంగా పంచింది.

వెండెల్ పైకి వచ్చేసరికి మార్జీన్ అవెన్ తెరిచి టర్కీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"పాడైపోయింది. నేనే ఏరి తెచ్చాను. అమ్మ మొదటిసారి మనింటికి తినడానికొస్తుంటే నేను కుళ్ళిన కోడిని వండుతున్నాను," అంది.

వెండెల్ లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే కుక్కపిల్ల పోతుంది, చెప్పకపోతే కోడి పోతుంది. అతను తేల్చుకునేలోపు మార్జీన్ పళ్ళెంతో సహా కోడిని తీసుకెళ్ళి వెనక వసారాలో పెట్టేసి వచ్చింది. వచ్చి మళ్ళీ వాసన చూసింది. వాసన ఉన్నచోటే ఉంది.

"అయితే కోడి కాదన్నమాట," అంది అయోమయంగా.

ఇక్కడే వెండెల్ కొరివితో తల గోక్కున్నాడు. "గ్యాసేమో," అన్నాడు. కిటికీలు తెరుస్తుంది, కోడిని లోపలికి తెస్తుంది, అంతటితో సరిపోతుందనుకున్నాడు. కానీ గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి పరిగెత్తి ఫోన్ చెయ్యాలని ఆ దేశంలో చిన్నపిల్లలకి కూడా బళ్ళో నేర్పుతారు. మార్జీన్ బళ్ళో బాగా చదువుకున్న పిల్ల. వెండెల్ నోరు మూసేలోపు ఆమె అతని చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ, రెండో చేత్తో టర్నిప్‌ని గుండెకి హత్తుకుని, ముంగిట్లో నిలబడి ఫోన్ చేస్తోంది.

ఫైరింజన్ వచ్చింది. ఆ ఊళ్ళో మంటలార్పడానికి ముందుకొచ్చేది ఊళ్ళోవాళ్ళే; అందరూ విందు మధ్యలో లేచి వచ్చారు, ఒకతని గడ్డానికి ఇంకా గ్రేవీ ఉంది. వీధి వీధంతా కోట్లు తగిలించుకుని బయటికొచ్చింది. ఆర్డిత్ కారు సరిగ్గా అప్పుడే మలుపు తిరిగింది. డెబ్బై దాటినా నిటారుగా నడిచే ఆవిడ తను చేసిన తీపి రొట్టె పళ్ళెం పట్టుకుని దిగి, అల్లుడి ఇంట్లోకి బురదబూట్లతో వెళ్తున్న మనుషుల్ని చూసి అక్కడే ఆగిపోయింది. తెరిచి ఉన్న తలుపులోంచి అందరికీ కనబడింది: ఒకరి తర్వాత ఒకరు హెరాల్డ్ చొక్కాల నడిమధ్య నుంచి నడిచి వెళ్ళారు. మార్జీన్ చేత్తో నోరు మూసుకుంది.

గ్రేవీ గడ్డమతను గ్యాస్ కొలిచే మీటరు పట్టుకుని బయటికొచ్చాడు. "గ్యాసేం లేదమ్మా. కానీ లోపల ఏదో చచ్చింది."

ఆర్డిత్ అల్లుడి దగ్గరికి వచ్చి, అతని చొక్కా చెయ్యి లాగి ఒక్కసారి వాసన చూసింది.

"కుక్కపిల్లని ఒత్తింది నువ్వేనా?"

"అవునత్తయ్యా," అన్నాడు. అంతమంది ముందు మొదలుపెట్టాక ఇక ఆపలేకపోయాడు. తివాచీ మీద డేకడం దగ్గర్నుంచి గ్యాస్ అబద్ధం దాకా అన్నీ చెప్పేశాడు. ఫైరింజన్ వాళ్ళు కూడా వెళ్ళకుండా విన్నారు.

మార్జీన్ అతని వైపు చూసిన చూపుకి మీటరు పట్టుకున్నతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "రేపు పొద్దున్నే," అందామె నెమ్మదిగా. "రేపు పొద్దున్నే పొలానికి."

ఆర్డిత్ పళ్ళెం మెట్టు మీద పెట్టి, టర్నిప్‌ని అందుకుని, పొట్ట తడిమి, తోకెత్తి చూసింది. "నయం, గాయం చెయ్యలేదు. నులిపురుగుల్లేవు. దొడ్డికి మెత్తగా వస్తున్నట్టుంది, అందుకే తిత్తులు ఖాళీ కావడం లేదు. దీనికి ఎవరు పెడుతున్నారు పాలూ వెన్నా?"

"ఒట్టు, నేను దాని మేత తప్ప ఇంకేమీ పెట్టను," అన్నాడు వెండెల్.

ఆర్డిత్ కుక్కపిల్లని కింద వదిలింది. టర్నిప్ తిన్నగా మార్జీన్ దగ్గరికి వెళ్ళి, బాగా అలవాటైనట్టు ఆమె ఏప్రాన్ జేబు కింద కూర్చుని, తలెత్తి చూసింది. మార్జీన్ ముఖం ఎర్రబడింది. జేబులోంచి ఒక చీజు ముక్క తీసింది.

"అది అడుగుతుంది," అంది చిన్నగా.

వెండెల్ పెళ్ళినాడు కూడా భార్య వైపు అంత ఆశ్చర్యంగా చూడలేదు.

"చీజు మానెయ్. రోజూ మేతలో ఒక చెంచా ఉడికించిన గుమ్మడి కలుపు, చప్పిడిది. అయినా తగ్గకపోతే డాక్టరు," అంది ఆర్డిత్. "అల్లుడు మాత్రం ముట్టుకోకూడదు."

మార్జీన్‌కి అప్పుడు ఏడుపొచ్చింది. "తివాచీ పోయిందమ్మా. ఇన్నేళ్ళు నువ్వు ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. నాన్న చొక్కాలు."

ఆర్డిత్ మెట్టు మీది పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నాన్న కుక్క గుర్తుందా, రేంజర్? ఆయన పోయాక ఆ చొక్కాల వాసనకి ఈ తివాచీ మీదే పడుకునేది. పడుకోనంతసేపూ డేకేది. పొమ్మనడానికి నాకు నోరు రాలేదే. మీరొస్తున్నారంటే షెడ్డులో కట్టేసేదాన్ని. తివాచీని మాత్రం ఎక్కడ కట్టెయ్యను? మీ కాళ్ళకి అంటుతుందని దాని మీద నడవనిచ్చేదాన్ని కాదు."

మార్జీన్ ఏడుపు ఠక్కున ఆగింది. "ఎప్పుడైనా ఉతికావా?"

"ఊలు. ఉతికితే ముడుచుకుపోతుంది."

వెండెల్ గోడవారగా ఒంటికాలి మీద నడిచిన ఏళ్ళన్నీ తలుచుకున్నాడు. ఇంతలో వెనక వసారాలో పళ్ళెం ఖణేల్మంది. డ్వేన్ వేటకుక్కలు కంచె దూకి వచ్చి, సగం ఉడికిన టర్కీని ముక్క వదలకుండా ముగించాయి. ఆరోజు ఆ ఇంట్లో క్రాన్‌బెర్రీ పచ్చడీ, చిక్కుడుకాయల వేపుడూ, కిటికీలన్నీ తెరుచుకుని కోట్లు వేసుకునే తిన్నారు. టర్నిప్‌కి మాత్రం వేడిగా గుమ్మడి దొరికింది.

మార్జీన్ ఒక్కసారి చెప్పిందంటే మాట తప్పే మనిషి కాదు, ఎవరో ఒకరు ఇల్లు విడవాల్సిందే. శుక్రవారం పొద్దున్నే తివాచీ వెళ్ళిపోయింది.