మా ఇంట్లో బొద్దింకలు లేవండీ

బొద్దింకను చంపడం మహాపాపం. శాస్త్రాలు ఏమంటాయో నాకు తెలియదు గానీ, అపార్ట్‌మెంటు ధర్మం ప్రకారం మాత్రం ముమ్మాటికీ పాపమే. ఇరుగుపొరుగుల మధ్య మిగిలిన ఒకే ఒక్క రాకపోకను స్ప్రే కొట్టి తెంచుకుంటారా, ఇదేం బుద్ధి అని అడుగుతున్నాను.

కోపం తెచ్చుకోకండి. మీ కింది ఫ్లాటు వాళ్ల వంటింట్లోకి మీరు చివరిసారి ఎప్పుడు అడుగుపెట్టారు? ఆ గోడలకు ఏ రంగు వేశారో చెప్పగలరా? మీరు చెప్పలేరు. మీ వంటింటి బొద్దింక చెప్పగలదు. నిన్న వాళ్లింట్లో పులిహోర తిన్నది, ఇవాళ మీ కాఫీ కప్పు అంచు మీద మీసాలు తిప్పుతోంది. పిలవకుండా వస్తుంది, పెట్టింది తింటుంది, వంకలు పెట్టదు. ఇంత కలుపుగోలుతనం మన చుట్టాల్లో ఎవరికుంది చెప్పండి!

నేనిలా ఊరికే అనడం లేదు, అనుభవంతో అంటున్నాను. అబిడ్స్‌కీ నాంపల్లికీ మధ్య ఒక గల్లీలో వైజయంతి ఎన్‌క్లేవ్ అనే నాలుగంతస్తుల భవనం ఉంది. అంతస్తుకొక ఫ్లాటు. మూడో అంతస్తులో నేనూ మా ఆవిడ శ్రీవిద్యా కిరాయికి ఉంటున్నాం. మిగతా మూడింట్లో ఉన్నది ఓనర్లే. ఓనరుకూ కిరాయిదారుకూ తేడా ఏముంటుందిలే అని మీరు అనుకోవచ్చు. కాసేపు ఆగండి.

భవనం నడుమ పైనుంచి కిందిదాకా ఒక డక్టు ఉంది. అందరి పైపులూ అందులోంచే దిగుతాయి, అందరి వంటింటి కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. ఆ కిటికీలు గాలి కోసమని కట్టిన మేస్త్రీ అనుకుని ఉంటాడు, అమాయకుడు. మావాళ్లు వాటిని చెత్త కవర్లు జారవిడవడానికి వాడుతున్నారు. లిఫ్టులో చెత్త డబ్బా పట్టుకుని కనబడితే పరువు పోతుంది కదా!

ఆ డక్టు అడుగున, మెట్ల కింద, ఒక గది. అందులో వాచ్‌మన్ గట్టయ్య, అతని భార్య కిష్టవ్వ ఉండేవాళ్లు. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి ఏళ్లయింది. పైనుంచి పడ్డ కవర్లను రోజూ పొద్దున్నే కిష్టవ్వ ఎత్తి బయటి చెత్త బండిలో వేసేది. అది ఆమె పని అని ఎవరూ చెప్పలేదు. ఆమె గుమ్మం ముందు పడుతున్నాయి కాబట్టి ఆమెదే అని అందరూ అనుకున్నారు.

ఇక కీటక నివారణలో మా భవనం సాధించిన ప్రగతి సంగతి చూడండి. నాలుగో అంతస్తులో విద్యాసాగర్ గారుంటారు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు, మా అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. ఆయన ఇంటికి పెస్ట్ కంట్రోల్ వాళ్లు వీపుకు డబ్బాలు తగిలించుకుని వస్తారు. ఎవరైనా అడిగితే ఏసీ సర్వీసింగ్ అని చెప్పమంటారు ఆయన. నెలకోసారి ఏసీ సర్వీసింగ్ చేయించుకునే ఇల్లు హైదరాబాదులో అదొక్కటే అనుకుంటాను.

ఆ మందుకు చచ్చేవి చస్తాయి. బతికి ఉన్నవి పైపు పట్టుకుని మా ఇంటికి దిగుతాయి. మేం స్ప్రే డబ్బా తీస్తే రెండో అంతస్తుకు వెళ్తాయి. అక్కడ వసుమతి గారు, బషీర్‌బాగ్‌లోని ఒక కాలేజీలో జువాలజీ లెక్చరరు. ఆవిడ బోరిక్ పౌడరూ గోధుమపిండీ చక్కెరా కలిపి ఉండలు చేసి మూలమూలనా పెడతారు. సింకు కింద లవంగాలు, అల్మారాలో బిర్యానీ ఆకులు, డబ్బాల వెనక కలరా ఉండలు. ఆ ఇంట్లో బొద్దింకలకు వేసినన్ని మసాలాలు మా ఇంట్లో పండక్కి కూడా వేయం.

ఆ ఘాటు పడనివి మొదటి అంతస్తుకు దిగుతాయి. అక్కడ సుశాంత్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్న ఒక మిషను ప్లగ్గులో పెట్టి ఉంచాడు. అది మనకు వినిపించని మోత మోగించి పురుగుల్ని పారదోలుతుందట. ఒకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను. మిషను మీద ఒక పెద్ద బొద్దింక వెచ్చగా పడుకుని ఉంది. సుశాంత్ నా చూపును పట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా బాల్కనీ వైపు తిప్పాడు.

అక్కడా ఇమడనివి గట్టయ్య గదికి చేరతాయి. అక్కడ మందుల్లేవు, మిషన్లు లేవు. కిష్టవ్వ చీపురు ఒక్కటే ఉంది.

మా ఆవిడకు ఈ ఏర్పాటు నచ్చలేదు. "నాలుగిళ్లకూ, కింద గదికీ ఒకే రోజు మందు కొట్టించి, డక్టు కడిగించి, కిటికీలకు జాలీలు పెట్టిస్తే పోతాయి కదా. ఒకళ్లు తరిమితే ఇంకొకళ్లింటికి పోతాయి గానీ ఎక్కడికి పోతాయి?" అంది. ఎంత ప్రమాదకరమైన ఆలోచనో చూశారా! అలా చేస్తే నిజంగానే పోతాయి. పోయాక విద్యాసాగర్ గారు ఎవరి గురించి ఫిర్యాదు చేయాలి, వసుమతి గారు తన జువాలజీని ఏం చేసుకోవాలి?

అయినా ఆ మాట ఆమె లిఫ్టు దగ్గర ప్రెసిడెంటు గారి చెవిన వేసింది. ఆయన తల పంకించి, ఆదివారం మీటింగులో పెడదామన్నారు.

సెల్లారులో గట్టయ్య కుర్చీలు వేశాడు. మా ఆవిడ వాళ్ల పిన్నిని రైలెక్కించడానికి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లడంతో నేనొక్కడినే వెళ్లి కూర్చున్నాను. కిరాయిదారుకు అక్కడ కుర్చీ ఉంటుంది, చాయ్ కూడా ఉంటుంది, ఓటు మాత్రం ఉండదు.

"అందరం కలిసి చేయిద్దామంటే, ముందుగాల ప్రాబ్లెమ్ ఎవరికున్నదో తెల్వాలె కద," అన్నారు విద్యాసాగర్ గారు. "ఎవరింట్ల బొద్దింకలున్నయో జర చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. గాల్లో దోమను కొట్టబోయిన సుశాంత్ కూడా మధ్యలోనే చెయ్యి దించుకున్నాడు.

"మా ఇంట్లోనైతే లేవండీ," అన్నారు వసుమతి గారు. "ఎప్పుడన్నా పైనుంచి ఒకటి వస్తది, అదే పోతది."

"మాకు మిషన్ ఉంది కదా ఆంటీ," అన్నాడు సుశాంత్.

"మా ఇంట్ల ఉండే సవాలే లేదు," అన్నారు ప్రెసిడెంటు గారు. ఆయన మొన్ననే ఏసీ సర్వీసింగ్ చేయించారు మరి.

అప్పుడే గట్టయ్య చాయ్ ట్రే పట్టుకుని వచ్చాడు. విద్యాసాగర్ గారు గ్లాసు అందుకుంటూ అడిగారు. "ఏం గట్టయ్యా, మీ రూముల ఉన్నయా?"

"ఔ సార్, మస్తుగున్నయ్," అన్నాడు గట్టయ్య. "మొన్న మా కిష్టవ్వ పిండి డబ్బల గూడ చొచ్చినయ్. పైకెల్లి కవర్లు పడతయ్ గద సార్, వాటితోని వస్తున్నయ్."

ఆ క్షణంలో సెల్లారు మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది. అతను చెప్పిన మూడు ముక్కల్లో మొదటిదే అందరి చెవులకూ చేరింది. కవర్ల సంగతి చాయ్ చప్పరింతల్లో కలిసిపోయింది. వసుమతి గారు కళ్లజోడు సర్దుకుని, పురుగు ఎక్కడ పుడుతుందో అక్కడే తీసేయాలని, దీన్ని సోర్స్ రిడక్షన్ అంటారని పాఠం చెప్పారు. సోర్సు ఎవరో తేలిపోయింది కాబట్టి ఆ గది ఖాళీ చేయించి, వాచ్‌మన్ బదులు ఏజెన్సీ సెక్యూరిటీని పెట్టుకోవాలని తీర్మానించారు. ఇళ్లన్నిటికీ కలిపి మందు కొట్టించే మాట మళ్లీ రాలేదు. ఎవరింట్లోనూ లేనప్పుడు దేనికి కొట్టిస్తారు?

ఆ సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే కింది గదిలోంచి కిష్టవ్వ గొంతు వినిపించింది.

"నువ్వు గూడ లేవంటే ఐపోవు గద. అందరు గట్లనే అన్నరు."

"ఉన్నయ్ గదనే," అన్నాడు గట్టయ్య.

ఈ మనిషికి సిటీలో ఇన్నేళ్లు గడిచినా ఏమీ వంటబట్టలేదని నాకు అర్థమైంది. అడిగితే ఉన్నది చెప్పేవాడికి అపార్ట్‌మెంటులో చోటెలా ఇస్తారు?

వాళ్లు ఖాళీ చేసిన రోజు నేను బాల్కనీలో నిలబడి శ్రద్ధగా చూశాను. రెండు ట్రంకు పెట్టెలు, గ్యాసు స్టవ్వు, మడత మంచం ట్రాలీ ఆటో ఎక్కాయి. తీర్మానం ప్రకారమైతే బొద్దింకలు కూడా వరుస కట్టి వాళ్ల వెంట వెళ్లాలి. ఒక్కటీ వెళ్లలేదు. ఎందుకు వెళ్తాయి? వాటిలో సగం పుట్టి పెరిగింది నాలుగో అంతస్తులో.

కొత్త సెక్యూరిటీ మనిషి గేటు దగ్గర, రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంటాడు. డక్టు అనేది ఒకటుందని అతనికి తెలియదు. కవర్లు మాత్రం వేళ తప్పకుండా పడుతూనే ఉన్నాయి. ఎత్తే కిష్టవ్వ లేకపోవడంతో ఆ కుప్ప పెరిగి పెరిగి మొదటి అంతస్తు కిటికీని అందుకుంది. ఇన్నాళ్లూ పైనుంచి కిందికి దిగిన బొద్దింకలు ఇప్పుడు కిందినుంచి పైకి బయల్దేరాయి. సుశాంత్ రెండో మిషను కొన్నాడు. వసుమతి గారింట్లో లవంగాలు అయిపోయాయి. చలికి స్వెట్టర్లు వేసుకుని మా వాళ్లంతా ఏసీ సర్వీసింగులు చేయించుకున్నారు.

మళ్లీ మీటింగు పెట్టారు. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది. విద్యాసాగర్ గారు గొంతు సవరించుకుని, మళ్లీ అదే అడిగారు. ఎవరింట్ల ఉన్నయో చేతులెత్తండన్నారు.

సరిగ్గా అప్పుడే ఒక బొద్దింక టేబులెక్కి, ఉస్మానియా బిస్కెట్ల ప్లేటును నింపాదిగా ఒక చుట్టు చుట్టి, పై బిస్కెట్టు మీద ఆగింది. అందరి చేతులూ ఒక్కసారిగా ప్లేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాయి. చూపులు మాత్రం సీలింగు మీదికి వెళ్లాయి. బిస్కెట్లు తీసుకోండి అని ప్రెసిడెంటు గారు సీలింగుకు చెప్పారు.

మా ఆవిడ చెయ్యెత్తింది.

"మా ఇంట్లో ఉన్నాయండీ. చాలా ఉన్నాయి. గట్టయ్య ఉన్నప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మీ అందరిళ్లలోనూ ఉన్నాయి. ఇదిగో, ప్లేట్లోనూ ఉంది."

మళ్లీ సెల్లారు మొత్తం హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆమె మాటల్లోనూ మొదటి ముక్కే అందరి చెవులకూ చేరింది. విద్యాసాగర్ గారు ఎంతో మర్యాదగా నా వైపు తిరిగారు.

"మీ రెంటల్ అగ్రిమెంట్ ఎప్పటిదాక ఉన్నది సార్?"

ఓనరుకూ కిరాయిదారుకూ తేడా ఏమిటో ఇప్పుడు తెలిసింది కదా! ప్రెసిడెంటు గారు మా ఓనరుకు ఫోను చేశారు, ఈ నెలాఖరుకు మేం ఖాళీ చేయాలి. ఎక్కడైనా టూలెట్ ఉంటే చెప్పమని గట్టయ్యకు ఫోను చేశాను. కిష్టవ్వ ఎత్తింది. హిమాయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటులో అతనికి మళ్లీ వాచ్‌మన్ పని దొరికిందట.

"పనిల పెట్టుకునేటప్పుడు అడిగిన్రు సార్, పాత తావుల బొద్దింకలుండెనా అని," అంది. "ఒక్కటి గూడ లేకుండె అన్నడు. ఈపారి మంచిగ చెప్పిండు. మీరు గూడ గట్లనే చెప్పున్రి, ఇల్లు దొరుకుతది."

గట్టయ్య చేత ఆ మాట అనిపించిన ఘనత వైజయంతి ఎన్‌క్లేవ్‌కే దక్కుతుంది. బొద్దింకల్ని తరమలేకపోయాం గానీ, ఇది మాత్రం సాధించాం.

శ్రీవిద్యకు ఈ సలహా వినిపించాను. తాను మాత్రం ఉన్నాయనే చెబుతానంది. అందుకని పాఠకులకు నా మనవి. హిమాయత్‌నగరైనా, బషీర్‌బాగైనా, ఇంకెక్కడైనా మాకు రెండు గదుల ఇల్లు కావాలి. లిఫ్టు లేకపోయినా ఫరవాలేదు, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినా ఫరవాలేదు, బొద్దింకలు ఎన్నున్నా ఫరవాలేదు. ఉన్నాయని ఒప్పుకునే ఓనరు ఉంటే చాలు, రేపే సామాను సర్దుకుని వచ్చేస్తాం.