గుమాస్తా గారి హాజరు

ఆ ఉదయం కంప్యూటరాయన పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి ముందే ఆఫీసు పని తెమల్చుకుని ఇంటికి రావడం, ఇల్లాలిని స్కూటరు మీద ఇంటర్వ్యూకి దింపడం. పెళ్ళయ్యాక ఆవిడకు పిలుపొచ్చిన మొదటి ఉద్యోగం అది.

"వాళ్ళు పిలిచే వేళకు నేనక్కడ కూర్చుని ఉండాలి. 'ఇదిగో బయల్దేరుతున్నా' అని కుర్చీలోంచి చెప్పే రకం ఇవాళ కుదరదు," అంది ఆవిడ, జాకెట్టు చేతి మడత మళ్ళీ ఇస్త్రీ చేస్తూ.

"ఇవాళ నా పని యంత్రమే చేస్తుంది. నేను కాళ్ళు చాపుకుని చూడటమే," అన్నాడాయన.

భవనాల ప్లాన్లు గీసే ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. ప్లాన్లన్నీ స్టోరేజీ అనే పెద్ద పెట్టెలో ఉంటాయి. ఎవరిని లోపలికి రానివ్వాలో ఆ పెట్టెకు సొంతంగా తెలియదు; డైరెక్టరీ అనే ఇంకో యంత్రాన్ని అడిగి తెలుసుకుంటుంది. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా డైరెక్టరీలో ఖాతా తెరవడం, పెట్టెలో చోటివ్వడం, అనుమతులు రాయడం అంతా ఇన్నాళ్ళూ ఆయన చేత్తోనే చేశాడు. ఆ వారం కొత్తవాళ్ళు గుంపుగా చేరేసరికి విసుగొచ్చి, ఒక ప్రోగ్రాం రాశాడు. గుమ్మం దగ్గర ముఖం చూసి హాజరు వేసే యంత్రం ఉంది కదా, అందులో ముఖం పడితే ఖాతా దానంతటదే తెరుచుకుంటుంది. ఆ రోజు ముఖం పడకపోతే మూసుకుంటుంది. మూసుకోవడమనే ముచ్చట హెచ్చార్ మేడంది. సెలవు పెట్టి ఇంట్లోంచి ఫైళ్ళు కెలికేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట.

ప్రోగ్రాంను భద్రంగా ఉంటుందని స్టోరేజీ పెట్టెలోనే పెట్టి నడిపించాడు. కొత్తవాళ్ళ ఖాతాలు టకటకా తెరుచుకున్నాయి. ఆయన ఒకసారి గడియారం చూసి, స్కూటరు తాళం జేబులో వేసుకున్నాడు.

అప్పుడు వచ్చాడు పెద్ద ఇంజనీరు, ముఖం తెల్లగా పాలిపోయి.

"ఏవయ్యా, నన్ను తీసేశారా?"

"మిమ్మల్నా? ఎవరన్నారు?"

"నీ పెట్టే అంటోంది. 'మీకు అనుమతి లేదు' అని. ఆస్పత్రి ప్లాను ఇవాళ పంపాలని తెలుసుగా? తీసేసేవాళ్ళు అది పంపాకైనా తీసేయొచ్చుగా!"

వెనకాలే ఇంకో ఇద్దరు. అవతల గదిలో ఒకావిడ అప్పటికే సొరుగు ఖాళీ చేసి, తన టీ కప్పు కాగితంలో చుడుతోంది. ఆఫీసు మూతపడుతోందని ఎవరో అన్నారట. ఇంకెవరో అమ్మేశారన్నారట. కంప్యూటరాయన జేబులో ఫోను గుయ్‌గుయ్‌మంది. ఇల్లాలు. ఆయన నొక్కేసి, తెరమీద వెతికాడు. దొరికింది. 

పెట్టె వెళ్ళి డైరెక్టరీని అడగాలంటే దానికీ ఒక ఖాతా ఉండాలి. ఎప్పుడో పాత ఉద్యోగి ఒకాయన దానికి 'గుమాస్తా' అని పేరు పెట్టి పోయాడు. మనిషి కాదు కాబట్టి గుమాస్తా ఏనాడూ హాజరు వేయలేదు. ప్రోగ్రాం చూసింది, మూసేసింది. అడిగొచ్చే నాథుడు లేక పెట్టె అందరికీ తలుపు వేసుకుంది.

ఆయన చేత్తో గుమాస్తాను తెరిచాడు. ప్రోగ్రాం మళ్ళీ మూసింది. ప్రోగ్రాంనే ఆపుదామంటే అది ఉన్నది పెట్టెలో. పెట్టె ఆయన్నీ రానివ్వలేదు. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు మూసినట్టయింది.

"కరెంటు పీకెయ్!" అన్నాడు ఇంజనీరు.

"పీకితే మళ్ళీ లేచి, సరిచూసుకునేసరికి సాయంత్రమవుతుందండీ."

"మరేం చెయ్యాలి?"

"గుమాస్తా వచ్చి హాజరు వెయ్యాలి."

ఆ మాటకు హెచ్చార్ మేడం గుమ్మంలో ఆగిపోయింది. "ఏ గుమాస్తా? ఇన్నేళ్ళుగా హాజరు లేకుండా ఒకడు ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాడా? నాకు తెలియకుండా?"

"అతను మనిషి కాదండీ."

"అది నాకూ అర్థమవుతూనే ఉంది!"

ఈలోగా యజమాని దిగాడు. విషయం సగం విని, సగం అరిచి, చివరికి తేల్చాడు: ఎవరో ఒకరిని గుమాస్తాగా యంత్రం ముందు నిలబెట్టండి. నిలబడ్డారు. యంత్రం ఒక్కొక్కరి అసలు పేరు పిలిచి మరీ నమస్కారం పెట్టింది. ఆఖరికి యజమానికి కూడా. ఆఫీసులో దానికి తెలియని ముఖం లేదు.

"కొత్త ముఖం కావాలి," అన్నాడు కంప్యూటరాయన. ఫోను మళ్ళీ మోగింది, ఆగింది. తర్వాత మోగలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"వీధిలో పోయేవాళ్ళనెవర్నైనా పట్టుకురండి!"

"నియామకం లేకుండా నేను ముఖం ఎక్కించను," అంది మేడం.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చెదిరిన చీరతో, ఎండలో నడిచి వచ్చిన ముఖంతో ఇల్లాలు.

"ఆ బండి తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఇక అక్కర్లేదు. చూసి చూసి వాళ్ళు వేరే ఆవిణ్ణి తీసుకున్నారు," అంది.  కంప్యూటరాయన జేబులోని తాళం తడుముకున్నాడు. మిగతావాళ్ళంతా ఆవిడ ముఖంకేసే ఆశగా చూస్తున్నారు.

"అమ్మా, మీరు గుమాస్తాగా చేరతారా?" అన్నాడు యజమాని.

ఆవిడ పైట సర్దుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "పనేమిటి?"

"రోజూ వచ్చి ఆ యంత్రానికి ముఖం చూపించాలి."

"తర్వాత?"

యజమాని ఇంజనీరుకేసి చూశాడు. ఇంజనీరు పైకప్పుకేసి చూశాడు.

"అయితే పనేమిటో నేనే చూసుకుంటాను. నియామక పత్రం ఇప్పుడే కావాలి. తాత్కాలికం అన్న మాట అందులో ఉండకూడదు," అంది ఆవిడ. మేడం అచ్చు తీసింది. ఇల్లాలు రెండుసార్లు చదివి, ఒక తేదీ దిద్దించి, సంతకం పెట్టి, యంత్రం ముందుకెళ్ళి నిలబడింది. మేడం ఆ ముఖాన్ని గుమాస్తా పేరున ఎక్కించింది. పెట్టె తెరుచుకుంది. ఆస్పత్రి ప్లాను వెళ్ళింది. అవతలి గదిలో టీ కప్పు కాగితం విప్పుకుంది.

మర్నాడు కంప్యూటరాయన గొంతు తగ్గించి చెప్పాడు. "గుమాస్తాకు హాజరు అక్కర్లేదని ప్రోగ్రాంలో ఒక్క వరుస చేరిస్తే చాలు. నువ్వు రోజూ రావాల్సిన పనే ఉండదు."

"చేర్చండి. చేర్చి, నన్నెందుకు పెట్టుకున్నారో యజమానిగారికి మీరే చెప్పండి. అలాగే నా ఇంటర్వ్యూ ఎందుకు పోయిందో కూడా."

ఆయన తెరమీది ఆ కిటికీ మూసేసి వేరే పని తెరిచాడు.

ఆవిడ రాని రోజు పెట్టె తెరుచుకోదు మరి. ఇప్పుడు ఆవిడ ఒక్కసారి తుమ్మితే చాలు, యజమాని తనే లేచి వెళ్ళి ఫ్యాను ఆపుతాడు.