నిమ్మకాయ తొక్కని పైలట్

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, హెలికాప్టరు నడపడంలో భాష్యంగారికి ఓనమాలు కూడా రావని మైలాపూరులోని ఒక అపార్టుమెంటు సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. కనుక ఏటా పంద్రాగస్టున జెండా ఎగరవేసే గౌరవం ఈసారి ఆయనకు లేదు. ఆయన నావికాదళంలో ఇరవై రెండేళ్లు యుద్ధనౌకల మీద హెలికాప్టర్లు దించిన మాట వాస్తవమే గాని, సంఘం దాన్ని పెద్ద మనసుతో క్షమించింది.

తప్పంతా ఆయనదే. మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి దీపక్ సెల్‌ఫోనులో నౌకాయుద్ధం ఆట ఆడుతుంటే వెనక నిలబడి చూశారు. చూసి ఊరుకోవచ్చు కదా. అందులో హెలికాప్టరు పూర్తి వేగంతో వచ్చి, గోడకు తగిలించిన పటంలా ఠక్కున ఆగింది. అదే వేగంతో వెనక్కి కూడా పోయింది. అలలు తాటిచెట్టంత లేస్తుంటే ఓడ మాత్రం ముగ్గేసిన అరుగులా కదలకుండా ఉంది. భాష్యంగారికి కడుపు మండింది. ఊగే ఓడ మీద దిగడం నేర్చుకోవడానికే ఆయన వయసంతా పోయింది మరి. ఆట తయారుచేసిన కంపెనీకి పదకొండు పేజీల ఉత్తరం రాశారు.

కంపెనీ వారు మర్యాదస్తులు. పిలిపించి, కాఫీ ఇచ్చి, ‘వాస్తవికతా సలహాదారు’ అని శాలువా కప్పారు. మేనేజరు విఘ్నేష్ కూడా మూడు తరాల మద్రాసు తెలుగువాడే.

“సార్, మీ హెలికాప్టరు రొంబ స్లో. గాలి చూసుకొని, ఓడ ఊగేది చూసుకొని దిగేలోపల ఆడేవాడు నిద్రపోతాడు. నిజం ఉండాల్సిందే. కానీ మనోళ్లకి తెలిసిన నిజం ఉండాల,” అన్నాడు.

ఆ విధంగా ఆటలోకి కొత్త నిజం వచ్చింది. ప్రతి చక్రం కిందా ఒక నిమ్మకాయ. నిట్టనిలువుగా లేస్తే కాయ నలగదు కాబట్టి, హెలికాప్టరు ముందుకు దొర్లి, తొక్కి మరీ లేవాలి. తొక్కకపోతే పేలిపోతుంది. ఇంత సహజమైన ఆట ఎన్నడూ చూడలేదని అందరూ మెచ్చుకున్నారు.

అంతగా మెచ్చిన సంఘం, జెండాకు అర్హులెవరో ఆ ఆటతోనే తేల్చాలనుకుంది. భాష్యంగారు గాలివాటం చూసుకుని, పద్ధతిగా, నిట్టనిలువుగా లేపారు. పేలింది. ‘పైలట్ అనర్హుడు’ అని తెర మీద పడింది. దీపక్ గెలిచాడు.

పంద్రాగస్టు నాడు, పుట్టి బుద్ధెరిగి విమానమెక్కని దీపక్ జెండా ఎగరేసి, “ఆకాశానికి కావలసింది అనుభవం కాదు, ఆత్మవిశ్వాసం!” అని ప్రసంగించాడు. భాష్యంగారు వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక భార్య వరదలక్ష్మి దగ్గరకొచ్చి కూర్చుంది. ఆయన ఓడెక్కిన ప్రతిసారీ ప్రాణాలు అరచేత పెట్టుకుని బతికిన మనిషి.

“ఏమండీ, అన్నేండ్లూ నిమ్మకాయ తొక్కకుండానే ఎగిరినారా?”

ఆయన కిటికీ మూసి, గొంతు తగ్గించారు. “మొదటి రోజు మాయమ్మ ఇచ్చింది ఒకటి. జేబులో పెట్టుకున్నాలే.”

“అట్ల చెప్పండి! అందుకే ఆడనుంచి క్షేమంగా తిరిగొచ్చినారు.”

సాయంత్రానికి సంగతి సంఘానికి చేరింది. అత్యవసర సమావేశం జరిగింది. భాష్యంగారి ఇరవై రెండేళ్ల అనుభవానికి ఇన్నాళ్లకు తగిన ఆధారం దొరికినందున, వచ్చే ఏడు జెండా ఆయనే ఎగరవేయాలని తీర్మానించారు. జేబులో నిమ్మకాయతో రావాలని ఒక్క షరతు పెట్టారు.

ఆయన ఒప్పుకున్నారు.