పద్నాలుగో మిషన్‌లో పెద్ద మామ

"అబ్బా, ఇప్పుడు నాకొక మంచి స్నైపర్ ఉంటేనా!" అని సదానందం ఉదయం ఏడున్నరకు గట్టిగా నిట్టూర్చాడు. వంటింట్లో పులిహోర కలుపుతున్న నవనీత చెవికి అది 'వైపర్' అని వినబడింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో భర్త తనంతట తాను ఇల్లు తుడుస్తాననడం ఇదే మొదటిసారి. మనసు మారకముందే అని ఆమె నేల తుడిచే వైపరూ, నీళ్ల బకెట్టూ పరుగున తెచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టింది.

"హాలు అయినంక వరండ గూడ తుడువు. మా పెద్దబాపోళ్లు వస్తాన్రు," అంది.

సదానందం చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కళ్లు లాప్‌టాప్‌లో ఉన్నాయి. "ఆఁ, పెద్దమామనే ముందుకు పంపుతాన," అన్నాడు.

ఆ ఇంట్లో రెండు మిషన్లు నడుస్తాయి. నవనీతది కుట్టు మిషన్, సదానందానిది ఆటలో పద్నాలుగో మిషన్. ఆమె మిషన్ ఇల్లు గడుపుతుంది, ఆయన మిషన్ కాలం గడుపుతుంది. తొమ్మిదేళ్లుగా ఇంటి ముందుగదిలో జాకెట్లు కుట్టి, మగ్గం వర్కు చేసిన నవనీతకు హనుమకొండలోని సుబేదారిలో ఒక చిన్న దుకాణం దొరికింది. ఈ రోజే ప్రారంభం. పదీ యాభై నుంచి పదకొండూ నలభై వరకు ముహూర్తం. అది దాటితే మర్నాటి నుంచి మూఢం, రెండున్నర నెలలదాకా మంచిరోజు లేదు. మూఢం తర్వాతి పెళ్లిళ్లకు జాకెట్లు కుట్టించుకునే సీజను ఆలోపు వెళ్లిపోతుంది, సీజనుతోపాటు జాకెట్లూ వెళ్లిపోతాయి. రిబ్బన్ కత్తిరించాల్సింది రఘునాథపల్లిలో ఉండే ఆమె పెదనాన్న సారయ్య. తండ్రి లేని నవనీతను పెంచిందీ, మొదటి మిషన్ కొనిచ్చిందీ, మొదటి వంకర జాకెట్టును "బ్రహ్మాండంగ ఉన్నది బిడ్డా" అని మెచ్చుకుందీ ఆయనే.

ఇక సదానందం సంగతి. ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు కదిలించే ఉద్యోగం; ఆయన కదిలించేది అవి మాత్రమే. తుపాకీ పట్టుకుని పరుగెత్తే ఆటలు ఆడి చూశాడు. పదేళ్ల పిల్లలు ఆయన్ను మూడు సెకన్లలో కాల్చేసి, "సారీ అంకుల్" అని వెళ్లిపోయేవారు. ఒక్క తూటా, వెంటనే టాటా. నలభై తొమ్మిదేళ్ల వేళ్లకు ఆ వేగం పడక, ఎత్తుకు పైఎత్తు వేసే దళం ఆటకు మారాడు. ఇందులో మన వంతు అయ్యేదాకా శత్రువు కూడా కదలకుండా నిలబడతాడు. మధ్యలో చాయ్ తాగి రావచ్చు, ఒక కునుకు కూడా తీయవచ్చు. ఆఫీసుకు ఇంత దగ్గరగా ఉన్న ఆట మరొకటి లేదని సదానందం దీన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

దళంలో ఆరుగురు సిపాయిలు. వాళ్లకు మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు, ఫోటో కూడా అతికించుకోవచ్చు. సదానందం బంధువులందరినీ సైన్యంలో చేర్చేశాడు. ఈ ఆట గొప్పతనం అదే: సిపాయి మీద ప్రేమ పుడుతుంది. దీని లోపమూ అదే: ప్రేమ పుట్టాక సిపాయి పోతాడు. పోయినవాడు మళ్లీ రాడు. ముందే సేవ్ చేసుకోనివాడికి తర్వాత ఎంత సేవ చేసుకున్నా ఫలితముండదు.

ఆ ఉదయం ఎత్తు మీద తుపాకీ పట్టుకోవాల్సిన మనిషి లేక, సిపాయి సారయ్యను గోడ చాటు నుంచి, ఆట భాషలో కవర్ నుంచి, బయటికి తెచ్చాడు సదానందం. గురి తప్పదు, తొంబై ఐదు శాతం ఖాయం అని తెర మీద చూపించింది. కాల్చాడు. తప్పింది. తర్వాతి వంతు శత్రువుది. ఎదురుగా నిలబడ్డ సారయ్య ఫోటో నలుపు తెలుపులోకి మారి, పక్కన కొవ్వొత్తి వెలిగింది. కింద 'కిల్స్: 31' అని ఇంగ్లీషులో పడింది.

సదానందం కళ్లు చెమర్చాయి. ఇలాంటి దుఃఖం పంచుకోవడానికి ఆయనకు లోకంలో ఒక్కడే ఉన్నాడు: అదే ఆట ఆడే ఆఫీసు మిత్రుడు బెన్నీ. ఆ తెరను ఫోటో తీసి పంపి, కింద ఇలా రాశాడు: "పెద్దమామ పోయిండు. తప్పు నాదే. 95 శాతం ఫికర్ లేదన్నరు, నమ్మిన. ఒక్క నిమిషంల అయిపోయింది." ఫోన్‌ను చార్జింగ్‌కు పెట్టి స్నానానికి వెళ్లాడు. అటునుంచి అటే బండి మీద బంతిపూలకు వెళ్లాడు. ఫోన్ చార్జింగ్‌లోనే ఉండిపోయింది.

ఫోటో బెన్నీకి వెళ్లలేదు. జాబితాలో అతని పేరు పైనున్న 'మా ఇంటోళ్లు' గ్రూపుకు వెళ్లింది. అందులో నవనీత పుట్టింటి వాళ్లు నలభై ముగ్గురు.

ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. పుట్టినరోజైనా, చావైనా మొదటివాడు ఏం పెడితే మిగిలినవాళ్లు దాన్నే కాపీ కొట్టి పెడతారు. చదవడం తర్వాత, తీరిక ఉంటే. మొదటి ఓం శాంతి ఎనిమిదింటికి పడింది. ఎనిమిదీ పదికల్లా ముప్పయి ఒక్క ఓం శాంతులు పడ్డాయి. గ్రూపులో అంత అశాంతి ఎన్నడూ లేదు. ప్రారంభానికని కేసముద్రం నుంచి బయల్దేరిన సారయ్య చెల్లెలు చిలుకమ్మ, రైల్లోనే ఆ ఫోటో చూసి గుండెలు బాదుకుంది.

"ముప్పయి ఒక్క స్కిల్సని రాసిన్రు సూడున్రి! మా అన్నకు రాని పనున్నదా! మగ్గం నేసె, కరెంటు పని చేసె, తేలు మంత్రం గూడ ఏసె!" అని పెట్టెలో ఉన్నవాళ్లందరికీ చూపించింది.

అందరూ సారయ్య భార్య భాగ్యమ్మ ఫోన్‌కు చేశారు. అది ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు చీరల మధ్య, ఆ చీరలు సంచి అడుగున, ఆ సంచి హనుమకొండ బస్సులో సీటు కింద ఉంది. ఆటలో సారయ్య కవర్ లేక పోయాడు, ఇక్కడ ఫోన్ కవర్ ఉండి మోగలేదు. ఎవరూ ఎత్తకపోయేసరికి, "పాపం, మాట్లాడే పరిస్థితిల లేనట్టున్నది," అని అందరూ నిర్ధారించారు.

నవనీత తమ్ముడు రమేశ్ అప్పటికి ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణంలో ఉన్నాడు. ప్రారంభోత్సవం ఫ్లెక్సీలో ముఖ్య అతిథిగా సారయ్య ఫోటో సిద్ధంగా ఉంది. రమేశ్ ఏడుస్తూనే, "అన్నా, ఫోటోకు దండెయ్యి. సుస్వాగతం తీసి అశ్రునివాళి పెట్టు," అన్నాడు. ప్రింటింగ్ అతను పైన మాత్రమే మార్చాడు. పదింటికి నవనీత దుకాణం ముందు ఆ ఫ్లెక్సీ లేచింది: 'శ్రీ సారయ్య గారికి అశ్రునివాళి. నవనీత మగ్గం వర్క్స్. అన్ని రకముల జాకెట్లు కుట్టబడును.'

నవనీత హడావుడిలో తన ఫోన్ ఇంట్లోనే మరిచి, ఎనిమిదిన్నరకే దుకాణానికి వచ్చి ముగ్గులు వేస్తోంది. కూతురు తేజస్విని తన ఫోన్‌ను స్పీకరుకు తగిలించి భక్తి పాటలు పెట్టి, ఆ ఫోన్ అక్కడే వదిలి, పెద్దవాళ్లను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లింది. రమేశ్ వచ్చి పాటలు ఆపాడు.

"అక్కా," అన్నాడు, "పెద్దబాపు పోయిండే."

నవనీత చేతిలోని ముగ్గు గిన్నె జారింది. "ఎవలన్నరు?"

"బావనే పెట్టిండు గ్రూపుల. 95 శాతం ఫికర్ లేదన్నరట దవాఖానల."

పట్టుచీరల్లో పండుగకు వచ్చినట్టు వచ్చినవాళ్లంతా మెట్ల మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టారు. నవనీత మాత్రం ఏడవలేదు. పెళ్లయిన ఆడపిల్లకు మూడు రోజుల మైల, ఆ తర్వాత మూఢం అని ఎవరో లెక్క చెబుతుంటే, కత్తెర ఉన్న పళ్లెం తీసి లోపల పెట్టింది.

"అక్కా, ఇంకో మంచిరోజు సూద్దాం," అన్నాడు రమేశ్.

"ఇంకో పెద్దబాపును గూడ సూస్తవా? ఆయన చెయ్యి పడని దుకాణం నాకెందుకురా," అని షట్టర్ సగం కిందికి గుంజింది.

అప్పుడు దిగాడు సదానందం, రెండు చేతుల నిండా బంతిపూల దండలతో. "అల్లుడు యాదితోటి దండలు గూడ తెచ్చిండు," అని ఎవరో మెచ్చుకున్నారు. చిలుకమ్మ వచ్చి ఆయన మెడ మీద పడింది.

"నీ కండ్ల ముంగటనే పోయిండట గదయ్యా మా అన్న!"

"ఏ అన్న?"

"ఎంతమంది ఉన్నరు నాకు? సారయ్య!"

సదానందం చేతుల్లోని దండలు జారాయి. ఇక్కడ తెలివిగల మనిషైతే ఒక క్షణం ఆలోచించేవాడు. సదానందం దళపతి, ఆలోచించడానికి ఆయనకు ఎప్పుడూ శత్రువు వంతు దాకా సమయం దొరికేది. ఇక్కడ దొరకలేదు. ఆయన నమ్మేశాడు. ఏడూ నలభైకి తాను ఆటలో మామను చంపాడు, ఇంతలో నిజం మామ పోయాడు! తన చేతి పాపమే మామకు చుట్టుకుందనుకున్నాడు. ఫ్లెక్సీ చూశాక మిగిలిన అనుమానమూ పోయింది. ఫ్లెక్సీలో పడ్డది అబద్ధమెలా అవుతుంది?

"నేనే చంపిన!" అని రోడ్డు మీద కూర్చుండిపోయాడు. "గోడ చాటున మంచిగనే ఉండె. నేనే బయటికి తోలిన!"

"గట్లనకు బావా," అని రమేశ్ వీపు నిమిరాడు. "రాసి పెట్టి ఉన్నది."

ఇలా పుకారును పుట్టించిన మనిషే దాన్ని అందరికంటే గట్టిగా నమ్మి, అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి, ఇంకా సందేహిస్తున్న ఇద్దరు ముగ్గురు కూడా ఏడ్చారు.

పదకొండూ ముప్పయికి ఆటో ఆగింది. ముందు తేజస్విని, తర్వాత సంచితో భాగ్యమ్మ, ఆ తర్వాత మోకాలు పట్టుకుంటూ సారయ్య దిగారు. సారయ్య కళ్లద్దాలు సర్దుకుని ఫ్లెక్సీ కూడబలుక్కుని చదివాడు.

"అశ్రు... నివాళి. ఎవలకు? ఓ, నాకేనా?"

ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. చిలుకమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "అన్నా, నువ్వు పోయినవ్ గదనే!" అంది.

"పోయినోణ్ని దారిల కరాబైన బస్సుల మూడు గంటలు నిలవెట్టి తెస్తరానే? సీటు గూడ దొర్కలే," అన్నాడు సారయ్య.

"నాతోని మోకాలు నొప్పి ముచ్చట చెప్పుకుంట వచ్చిండు," అని భాగ్యమ్మ సాక్ష్యం పలికింది. "సచ్చినోనికి నొప్పి ఉంటదా?"

అందరూ నోళ్లు తెరిచి చూస్తుంటే నవనీత గడియారం చూసింది. పదకొండూ ముప్పయి మూడు. షట్టర్ పైకి తోసి, కత్తెర తెచ్చి పెదనాన్న చేతిలో పెట్టింది.

"పెద్దబాపు, నువ్వు ముందుగాల రిబ్బన్ కత్తిరించు. సచ్చినవో బతికినవో తర్వాత సూసుకుందాం."

సారయ్య తన అశ్రునివాళి కింద నిలబడి రిబ్బన్ కత్తిరించాడు. ఏం చేయాలో తెలియక కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు, ఆ రెండు పనులూ చేయకుండా కళ్లు మూసుకుని పెద్దబాపు చెయ్యి పట్టుకున్న నవనీత మొదటిసారి ఏడ్చింది.

తర్వాత విచారణ. తేజస్విని రమేశ్ ఫోన్ తీసుకుని ఫోటో చూసి, "అయ్యో మామయ్యా, ఇది డాడీ ఆడే ఆట! బెన్నీ అంకుల్‌కు పంపబోయి మనకు పంపిండు," అని పకపకా నవ్వింది. నలభై మూడు జతల కళ్లు రోడ్డు మీద కూర్చున్న సదానందం వైపు తిరిగాయి. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, నేరస్థుడిలా నిలబడి మొత్తం చెప్పాడు: ఆరుగురి దళం, బంధువుల పేర్లు, ఫోటోలు, తొంబై ఐదు శాతం.

"తొంబై ఐదు అంటే తప్పొద్దు గద?" అన్నాడు సారయ్య.

"అదే మామా ఈ ఆటల పెద్ద లోపం. తొంబై ఐదంటది, మూతి ముందర పెట్టి కాలిస్తే గూడ గోడకు తలుగుతది. ఇంకోటి, అరగంట ఆడితే అరగంట సంచులు సదురుడే, ఎవలకు ఏ బూట్లెయ్యాలె అని. కాని మనుషులు మంచిగుంటరు మామా. దెబ్బలు తిన్నకొద్ది తెలివి పెరుగుతది."

"నీకైతే పెరగలే," అంది భాగ్యమ్మ.

"నిజమే అత్తా. ఆ సౌకర్యం సిపాయిలకే."

సారయ్య తిడతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన మాత్రం ఫోటో దగ్గరికి పెట్టుకుని చూస్తూ, "అయితే నేను ముప్పయి ఒక్క మందిని కొట్టిన్నా?" అన్నాడు. "ఇన్నవానే భాగ్యా? ముప్పయి ఒక్కటి!"

దాంతో గాలి మారిపోయింది. చిలుకమ్మ ముందుకు వచ్చి, "నేనున్ననా అండ్ల?" అంది.

"ఉన్నవత్తా. బాంబులు ఏస్తవ్."

చిలుకమ్మ కొంగు బిగించి, "అగో, సూసిన్రా," అని చుట్టూ చూసింది. భాగ్యమ్మ డాక్టరని తేలింది. రమేశ్ సామాన్లు మోస్తాడని తేలింది, అతను నొచ్చుకున్నాడు. అశ్రునివాళి ఫ్లెక్సీ కింద పులిహోర పంచుకుంటూ బంధుగణమంతా పదవులు అడిగి తీసుకుంది. చివరికి నవనీత అడిగింది:

"మరి నేనేడున్న?"

సదానందం గొంతు సవరించుకున్నాడు. మాటలతో గట్టెక్కే అవకాశం ఇదొక్కటే అనుకున్నాడు. "నిన్నెట్ల పెడత నవనీతా? నిన్ను యుద్ధానికి పంపే ధైర్యం నాకేడిది? పొయ్యినోళ్లు మళ్ల రారు గద!"

ఆడవాళ్లు ముచ్చటపడ్డారు. సారయ్య అల్లుడి భుజం తట్టాడు. తేజస్విని మాత్రం నోట్లోని పులిహోర మింగి, "అబద్ధం డాడీ. అమ్మ రెండో మిషన్‌ల్నే పోయింది," అంది.

సారయ్య అల్లుడి భుజం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఎట్ల పోయిన?" అని నవనీత మెల్లగా అడిగింది.

"ముంగట ఎవరో ఒకరు పోవాలె గదా..."

"నా పక్కపొంటి ఎవలున్నరు?"

"ఎవలు లేకుండిరి."

"నువ్వేడున్నవ్?"

"నేను కమాండర్‌ని. అండ్ల కనవడ. ఎన్కకెల్లి కూసోని చెప్పుతుంట, అంతే."

నవనీత కత్తెర పళ్లెంలో పెట్టి, కొత్త మిషన్ ముందు కూర్చుని దారం ఎక్కించింది. "ఆట మంచిగనే తయారుచేసిన్రు," అంది. "అచ్చం మన ఇంటి లెక్కనే ఉన్నది."

ఆ ఆట మీద సదానందం ఇన్నేళ్లలో విన్న సమీక్షలన్నింటిలో, నూటికి నూరు శాతం గురి తప్పనిది అదొక్కటే.