కనోలా ఊరేగింపు

జనవరిలో ఒక మంగళవారం పొద్దున టారిన్, బ్రెట్ వేసుకున్న పథకం చిన్నది. గాదెలోని కనోలా అనే నూనెగింజల్ని కొంత బయటికి తీసి, చల్లార్చి, మళ్లీ అదే గాదెలో పోయాలి. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పెరోగీలు, అంటే బంగాళదుంప కూరిన కుడుములు, చేసుకుని తినాలి. పెళ్లయి పదకొండు వారాలే అయింది కనుక రెండో పని గురించే ఎక్కువ చర్చ జరిగింది.

గాదె నడుమ గింజలు వేడెక్కుతున్నాయి. మూడో వంతు లారీలోకి దించి, చలిగాలి తగిలించి, తిరిగి ఎత్తిపోస్తే సరిపోతుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో సున్నాకు దిగువన ముప్పై డిగ్రీల చలి ఉచితంగానే దొరుకుతుంది. కాకపోతే ఈ సంగతి బయటికి పొక్కకూడదు. కనోలా వేడెక్కిందంటే రైతు ఆరని గింజ పోశాడని అర్థం. ఆ చెడ్డపేరు ఒకసారి వచ్చిందంటే పోదు.

పైగా పంట అమ్మే బాధ్యత వాళ్ల చేతికి రావడం అదే మొదటిసారి. ముప్పై ఏళ్లుగా సరిగ్గా ధర ఎక్కువున్న రోజే అమ్ముతాడని జిల్లా అంతా నమ్మే టారిన్ మామగారు ఓరెస్ట్, చలికాలం గడపడానికి అత్తగారితో అరిజోనా వెళుతూ ఒకే షరతు పెట్టాడు.

"బాగా అమ్మితే ఏప్రిల్ దాకా ఇల్లు మీదే. తగలేశారో, మర్నాడే విమానమెక్కి వస్తాం."

ఇంట్లో పడకగదులు రెండు. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. ధర ఒక వారం ఎక్కుతూ మరో వారం దిగుతూ ఉంది. ఇంకొన్నాళ్లు ఆగుదామన్నాడు బ్రెట్. టారిన్ ఆ గోడను వేలితో తట్టి చూసి, సరేనంది.

లారీ నిండిందో లేదో, గింజల్ని గాదెలోకి ఎత్తిపోసే మర బెల్టు తెగింది. కొత్తది దగ్గరి ఊరు హాల్డెన్‌లోనే దొరుకుతుంది. కారు కదల్లేదు. చలికి దాని ఇంజన్ గడ్డకట్టకుండా కాచే హీటర్‌కు ప్లగ్గు పెట్టడం ముందురోజు రాత్రి ఇద్దరూ మరిచిపోయారు. ఎందుకు మరిచిపోయారో మాత్రం ఇద్దరికీ గుర్తుంది. సరుకుతో ఉన్న లారీలోనే బయలుదేరారు. టారిన్‌కు అదీ బాగానే ఉంది. అంత ఎత్తు సీటు, ఇద్దరికీ ఒకటే ఫ్లాస్కు, మంచు మీద ఎండ.

ఊళ్లో కాఫీ హోటల్ కిటికీ దగ్గర నలుగురు రైతులు రోజూ పాచికలు వేస్తారు. ఓడినవాడు అందరి కాఫీకీ డబ్బు కట్టాలి. వాళ్లలో పక్క పొలం లైల్ ఒకడు. లారీని చూశాడు, నేలకు అణిగిన టైర్లు చూశాడు, బయటికొచ్చాడు. పంట ఎప్పుడు అమ్ముతావని సూటిగా అడగడం అక్కడ మర్యాద కాదు.

"చలి గట్టిగానే ఉందిరా బ్రెట్."

"ఉంది బాబాయ్."

"లారీ కాస్త బరువుగా ఉన్నట్టుంది."

బ్రెట్ చెవులు ఎర్రబడ్డాయి. "ఏం లేదు బాబాయ్. ఊరికే అలా తిప్పుకొస్తున్నాం."

"నలభై టన్నుల కనోలానా?"

"గాలి తగులుతుందని," అంది టారిన్.

"మీ నాన్నేమంటున్నాడు?"

"అరిజోనాలో ఎండ బాగుందట."

లైల్ టోపీ సర్దుకున్నాడు. "అర్థమైందిలే. నేనెవరికీ చెప్పను."

అన్నట్టే ఎవరికీ చెప్పలేదు. ఓరెస్ట్ అమ్మించేస్తున్నాడనుకుని, కాఫీ సగంలో వదిలేసి లారీ నింపడానికి ఇంటికి పోయాడు. మిగతా ముగ్గురికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. తన వంతు పాచికలు వేయకుండా లైల్ లేచిపోవడం వాళ్లెప్పుడూ చూడలేదు.

సరైన కొలత బెల్టు దొరికేసరికి మధ్యాహ్నమైంది. రైలు పట్టాల పక్కనున్న కొనుగోలు కేంద్రం ముందు అప్పటికే పదకొండు లారీలున్నాయి. అంత సరుకు ఒక్కసారే రావడం చూసి కేంద్రంవాళ్లు ధర తగ్గించారు. ధర పడుతోందని విని మరో ఆరు లారీలు వచ్చాయి.

"వీళ్లకేదో తెలిసింది," అన్నాడు బ్రెట్. అంతలో ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఊరంతా అమ్మేస్తోందట," అన్నాడు ఓరెస్ట్. "ఇంకా ఏం చూస్తున్నావ్? పోయి లైన్లో నిలబడు. ఇక్కడ మీ అమ్మ ప్రయాణానికి పెట్టె దించుతోంది."

బ్రెట్ లారీని లైన్లో నిలబెట్టాడు. ముందు ఆరు లారీలు మిగిలి ఉండగా టారిన్ అడిగింది.

"ఊరంతా అమ్ముతోందని మామయ్యకెవరు చెప్పారు?"

"లైల్ బాబాయే అయ్యుంటాడు."

"ఆయనకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మన లారీని చూశాడు."

"మరి మనం ఎవర్ని చూసి భయపడుతున్నాం?"

బ్రెట్ గేరు మీద చెయ్యి వేశాడు. "మనల్నే."

లారీని పక్కకు తీశాడు. అప్పుడే తూకం ముగించుకుని వస్తున్న లైల్ అద్దం దించి కేక వేశాడు.

"ఎక్కడికిరా?"

"పొద్దున చెప్పాగా బాబాయ్."

ఇంటికెళ్లి బెల్టు బిగించి, రాయిలా చల్లబడ్డ గింజల్ని గాదెలో పోశారు. పెరోగీలు నాలుగింటికి తిన్నారు. ఒకటి రెండు పగిలాయి, అయినా టారిన్‌కు అంత రుచైనవి ఎప్పుడూ తిన్నట్టు లేదు.

ఫిబ్రవరి రెండో వారంలో కనోలా ధర బుషెల్ కొలతకు రెండు డాలర్లు పెరిగింది. చుట్టుపక్కల అమ్మడానికి కనోలా మిగిలింది దాదాపు వాళ్ల గాదెలోనే. మొత్తం అమ్మేశారు. బ్రెట్ నిండు లారీని ఊరేగించి ఊరంతటినీ బెదరగొట్టి, తను మాత్రం ఆగాడని, తండ్రిని మించాడని కాఫీ హోటల్లో తేల్చారు. అది ఎత్తు కాదని చెబుదామంటే ఆ సరుకు లారీలోకి ఎందుకు దించారో చెప్పాలి. బ్రెట్ ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం అరిజోనా నుంచి ఫోన్ వచ్చింది.

"లైల్ అంతా చెప్పాడురా. ముప్పై ఏళ్లు అమ్మాను, ఇలాంటి ఎత్తు నాకెప్పుడూ తట్టలేదు."

టారిన్ ఫోన్ అందుకుంది. "అయితే మామయ్యా, ఏప్రిల్ దాకా మీరక్కడ నిశ్చింతగా ఉండొచ్చు."

"ఎలా ఉంటానమ్మా? అదెలా చేశారో పక్కనే కూర్చుని నేర్చుకోవాలి. టికెట్లు కొనేశాం. గురువారం దిగుతున్నాం. కోతలయ్యేదాకా ఇక ఎక్కడికీ కదలం."

తగలేసినా వచ్చేవారే, బాగా అమ్మినా వస్తున్నారు. ఆ ఏడాది కనోలా వ్యాపారంలో ముందుగా చెప్పగలిగింది అదొక్కటే.