కొరియర్‌కు ఇచ్చిన వెంట్రుకలు

ఆ సోమవారం పొద్దున నాగరాణి అనుకున్న పని చాలా చిన్నది. ఐదేళ్ల కూతురు మల్లిక సరిగ్గా తినడం లేదు. వెంట్రుకలు పంపితే ఒంట్లో ఏ ఖనిజం తక్కువో చెప్పి, దానికి తగ్గ పొడులు రాసిచ్చే మేడమ్ ఒకామె ఫోన్‌లో దొరికింది. షాద్‌నగర్‌లో కంపెనీ బస్సు వచ్చే వేళయిందని నాగరాణి ఆ పని అత్తకు అప్పజెప్పింది.

"అత్తమ్మా, పిల్ల మెడ వెనక జరన్ని వెంట్రుకలు కత్తిరించి గీ కవర్ల పెట్టు. కొరియర్ ఆయన వస్తడు."

"పెడ్త తియ్యి," అంది గుర్వమ్మ.

పది రోజులకు మేడమ్ ఫోన్ చేసింది. "కాల్షియం బాగా తక్కువండి. పాప కూర్చుని లేచేటప్పుడు మోకాళ్లు పట్టుకుంటుందా?"

"అవు మేడమ్! బడికి పోయే యాల్లకు కాళ్లు నొస్తున్నయంటది."

"చూశారా! సీసం కూడా ఎక్కువే."

నాగరాణి అక్కడికక్కడే డబ్బు పంపింది. మూడు డబ్బాల పొడులు వచ్చాయి. మల్లిక మొదటి చెంచా తండ్రి చొక్కా మీద ఉమ్మింది. సీసం గోడల రంగులో ఉంటుందని ఎవరో అంటే ఆ తండ్రి, పరమేష్, సెలవు పెట్టి రెండు గదులూ గీకాడు. నాగరాణి పిల్ల సంచిలోంచి పెన్సిళ్లన్నీ తీసేసింది.

మూడోనాడు మల్లిక బడి నుంచి రూప టీచర్ ఫోన్ చేసింది. "పెన్సిల్ల సీసముండదమ్మా! అంత భయమైతే దవాఖానల రక్తం పరీక్ష చేయించుర్రి."

చేయించారు. ఫలితం రోజున ఇంటిల్లిపాదీ డాక్టరు ముందు నిలబడ్డారు.

"పిల్ల మంచిగున్నది. సీసం లేదు, గీసం లేదు. వెంట్రుకలు చూసి మందులేందమ్మా? ఆ డబ్బాలు బంద్ చెయ్యి. తలకేసే కొన్ని రంగులల్ల సీసముంటది, పిల్లకు గిట్ల ఏసిండ్రా?"

"ఐదేండ్ల పిల్లకు రంగెవరేస్తరు సార్!"

"నేనేసుకుంట," అంది గుర్వమ్మ మెల్లగా. "గా ఎంట్రుకలు నాయి."

నాగరాణి గిర్రున అత్త వైపు తిరిగింది. "గోడలు గీకినం! పిల్లను ఏడ్పించి తాపినం! గప్పుడన్న చెప్పకపోతివి అత్తమ్మా!"

"పుట్టెంట్రుకలు ఇంకా దేవునికే ఇయ్యలే, కొరియర్‌కు ఎట్లిస్త? చెప్తె నువ్వు తిడ్తవని ఊకున్న." గుర్వమ్మ బల్ల మీద కూలబడింది. "అయినా మూడేండ్ల సంది మోకాళ్లు నొస్తున్నయంటున్న. మీలెవలన్న ఇన్నరా? ఎన్నడు చూడని గా ఫోన్ మేడమ్‌కు తెలిసింది."

పరమేష్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. నాగరాణి వెళ్లి, అత్త పేరు మీద ఓపీ చీటీ రాయించడానికి వరుసలో నిలబడింది.